వెనక పేజీల పని: పుస్తకానికి పదసూచిక తయారుచేయడం

డీటీపీ పని వచ్చినవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. శుభలేఖ, కరపత్రం, కవితా సంపుటి, పోటీ పరీక్షల గైడు, ఏది ఇచ్చినా పేజీలు పెట్టేస్తారు. అదే చేతికి ఒక చరిత్ర పుస్తకమో జీవిత చరిత్రో ఇచ్చి, "వెనక పదసూచిక కూడా వేయండి" అంటే మాత్రం చేయి ఆగిపోతుంది. "అది రచయిత రాసివ్వాలండీ" అంటారు. రచయితను అడిగితే, "పేజీ నంబర్లు నా దగ్గరెక్కడున్నాయి, వేస్తే మీరే వేయాలి" అంటాడు. పని ఇద్దరి మధ్యా జారిపోతుంది, పుస్తకం సూచిక లేకుండానే అచ్చయిపోతుంది. తెలుగులో మంచి మంచి పరిశోధన గ్రంథాలకు కూడా చాలావాటికి ఇదే గతి.

ఆ ఖాళీలో నిలబడదలుచుకున్నవాళ్ల కోసం ఈ అధ్యాయం. మీరు డీటీపీ ఆపరేటర్ కావచ్చు, సొంత పుస్తకం సొంతంగా వేసుకుంటున్న రచయిత కావచ్చు. ఒక్క సంగతి మొదటే మనసులో పెట్టుకోండి. పేజీ నంబర్లు లెక్కపెట్టడం కంప్యూటర్ పని. పాఠకుడు ఏ మాట కింద వెతుకుతాడో ఊహించడం మీ పని. ఇంగ్లీషులో రెండో పనిని కొంతవరకు యంత్రం మీదికి నెట్టవచ్చు. తెలుగులో అది కుదరదు. ఎందుకో దారిలో తెలుస్తుంది.

ఇంకో చిన్న జాగ్రత్త. మన ప్రెస్సుల్లో చాలామంది పుస్తకం మొదట్లో ఉండే విషయసూచికనే "ఇండెక్స్" అంటారు. అందుకని ఎవరైనా ఇండెక్స్ కావాలంటే, ముందు వేసేదా, వెనక వేసేదా అని అడిగి రాసుకోండి.

ఈ అధ్యాయం పొడుగునా ఒకే ఉదాహరణ పట్టుకుందాం. గోదావరి డెల్టా చరిత్ర మీద 220 పేజీల మేటర్ మీ చేతికొచ్చింది అనుకోండి. 1832–33 నాటి కరువు, ఆర్థర్ కాటన్, 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, కాలువలు, పడవలు, వరి సాగు, అన్నీ అందులో ఉన్నాయి.

మౌస్ పట్టుకోకముందు చేయాల్సిన పని

పుస్తకం మొత్తం ఒకసారి చదవాలి. పేజీలు పెట్టేటప్పుడు మేటర్ మీద కన్ను పడుతూనే ఉంటుంది గానీ అది చదవడం కాదు. ప్రింటు తీసుకుని, పెన్సిలుతో గీస్తూ చదవండి. ప్రతి పేరు దగ్గరా, ప్రతి విషయం దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి. దీనికోసం ఎవరైనా ఈ పుస్తకం తెరుస్తారా? తెరిచి ఈ పేజీకి వస్తే వాళ్లకు ఏమైనా దొరుకుతుందా?

రెండింటికీ అవునంటేనే ఆ మాట సూచికలోకి వెళ్లాలి. "కాటన్ కాకినాడ మీదుగా వెళ్లాడు" అని ఒక వాక్యం ఉంటే, కాకినాడ కింద ఆ పేజీ వేయనక్కర్లేదు. ఊరి గురించి అక్కడ ఒక్క ముక్క లేదు. పాఠకుడు ఆశగా వెతుక్కుంటూ వచ్చి, ఒట్టి పేరు చూసి వెనక్కి పోతాడు. అలా రెండుసార్లు జరిగితే మీ సూచికను మళ్లీ నమ్మడు.

మనుషుల పేర్లూ ఊళ్ల పేర్లూ కళ్లకు ఇట్టే కనిపిస్తాయి కాబట్టి అందరూ వాటినే ఏరతారు. కష్టమంతా విషయాల దగ్గరే. రచయిత ఒక అధ్యాయమంతా "జలరవాణా" అని రాసి ఉంటాడు. వెతికేవాడి బుర్రలో ఉండేది "పడవలు". రచయిత "సేద్యపు నీటి పన్ను" అంటాడు, వెతికేవాడు "నీటి తీరువా" కోసం చూస్తాడు. రచయిత వాడిన మాటను ఒక చోట పెట్టండి, పాఠకుడి మాట దగ్గర నుంచి దానికి దారి చూపండి. పుస్తకంలో ఒక్కసారి కూడా కనిపించని మాట సూచికలో ఉండవచ్చా అని కొందరికి సందేహం. ఉండవచ్చు, చాలాసార్లు ఉండాలి కూడా.

దారి చూపాల్సిన చోట్లు మన చరిత్ర పుస్తకాల్లో అడుగడుగునా ఉంటాయి. 1832–33 నాటి కరువునే తీసుకోండి. డొక్కల కరువన్నారు, నందన సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువన్నారు, గుంటూరు కరువన్నారు. ఒకే పుస్తకంలో మూడూ కనిపించవచ్చు. ఒకదాన్ని ఖాయం చేసి పేజీలన్నీ దాని కింద వేసి, మిగతా రెండింటి నుంచీ అటు పంపాలి. బందరు, మచిలీపట్నం అంతే. బెజవాడ, విజయవాడ అంతే. 2015లో రాజమండ్రి పేరు అధికారికంగా రాజమహేంద్రవరమైంది. ఏ పేరు కింద పేజీలు వేయాలన్నది పుస్తకం దేన్ని ఎక్కువగా వాడిందో చూసి తేల్చుకోండి. రెండో పేరు మాత్రం వదలకండి.

పేర్ల దగ్గర మన పద్ధతి

ఇంగ్లీషు పుస్తకాల్లో పేరు చివర ఉన్న ఇంటిపేరును ముందుకు తెచ్చి, కామా పెట్టి అసలు పేరు రాస్తారు. పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో దీనికి ఒక షార్ట్‌కట్ కూడా ఉంది. ఎంచుకున్న పేరులోని చివరి మాటను ముందుకు లాగి ఎంట్రీ చేసేస్తుంది. తెలుగు పేర్ల మీద దాన్ని వాడితే గురజాడ అప్పారావు కాస్తా "అప్పారావు, గురజాడ" అవుతాడు. మన పేర్లలో ఇంటిపేరు మొదటే ఉంటుంది. గురజాడ అప్పారావు, కందుకూరి వీరేశలింగం, వీణం వీరన్న, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే వేయండి. తిప్పాల్సింది "కాటన్, ఆర్థర్" లాంటి వాటినే.

ఇనిషియల్స్ పేర్లతో చిక్కు వేరు. పి.వి. నరసింహారావును "పి" కింద వెతుకుతారా, పాములపర్తి అని "పా" కింద వెతుకుతారా, "న" కింద వెతుకుతారా? ఎక్కువమంది నోట్లో నలిగే రూపాన్ని ముఖ్య ఎంట్రీ చేసి, పూర్తి పేరు నుంచి దానికి దారి పెట్టండి. కలం పేర్లకూ ఇదే సూత్రం. శ్రీశ్రీ అని వెతికేవాణ్ణి శ్రీరంగం శ్రీనివాసరావు దగ్గరికి నడిపించనక్కర్లేదు. శ్రీరంగం దగ్గర మొదలుపెట్టినవాణ్ణి శ్రీశ్రీ దగ్గరికి పంపితే చాలు. పేరుకు ముందున్న సర్, డాక్టర్, రావుబహదూర్ లాంటి బిరుదులను అక్షర క్రమంలో లెక్కలోకి తీసుకోకండి.

ఒకే పేరుతో ఇద్దరుంటే పక్కన చిన్న గుర్తు రాయండి: ఊరో, వృత్తో, కాలమో. పాఠకుడు పేజీ తిప్పకముందే ఎవరో తెలియాలి.

"అన్నీ కలుపు" బటన్ ఎందుకు పనిచేయదు

ఇన్‌డిజైన్ ఎంట్రీ పెట్టెలో "యాడ్ ఆల్" అని ఒక బటన్ ఉంటుంది. ఎంచుకున్న మాట ఫైలులో ఎక్కడెక్కడ ఉందో అన్నిచోట్లా గుర్తు పెట్టేస్తుంది. వినడానికి బాగుంది. అయితే అది పూర్తి మాటలనే పట్టుకుంటుంది. తెలుగులో విభక్తి మాటకు అతుక్కుని ఉంటుంది. "వీరన్న" అని ఇస్తే వీరన్నకు, వీరన్నని, వీరన్నతో లాంటివి దొరకవు. "గోదావరి" అంటే గోదావరిలో, గోదావరికి తప్పిపోతాయి.

అంతకంటే చిక్కు సున్నతో ముగిసే పేర్లది. ధవళేశ్వరం అనే మాటకు "కి" చేరితే ధవళేశ్వరానికి అవుతుంది. చివరి సున్న మాయమై మాట రూపమే మారుతుంది. నరసాపురం, అమలాపురం, రాజమహేంద్రవరం అన్నీ ఇంతే. "నీరు" అయితే నీటి, నీళ్లు, నీళ్లకు అని ఎన్ని వేషాలైనా వేస్తుంది.

అందుకని వెతికేటప్పుడు మారని భాగాన్నే వెతకాలి. ఫైండ్ పెట్టెలో "ధవళేశ్వర" అని ఇవ్వండి. అప్పుడు ధవళేశ్వరం, ధవళేశ్వరంలో, ధవళేశ్వరానికి అన్నీ వరుసగా వస్తాయి. ప్రతి చోటా ఆగి, చదివి, పనికొచ్చేదైతేనే గుర్తు పెట్టండి. నెమ్మదైన పనే. కానీ పైన చెప్పిన రెండు ప్రశ్నలూ వేసుకునే అవకాశం ఆ ఆగడంలోనే ఉంది. అంతేకాదు, అసలు పేరే లేకుండా "దొరగారు" అనో "ఆయన" అనో రెండు పేజీలు నడిచే చోట్లుంటాయి. వాటిని ఏ ఫైండూ పట్టదు. మీరు పెన్సిలుతో గీసిన ప్రింటే పడుతుంది.

యూనికోడ్ మేటర్‌లో ఇంకో దొంగ ఉంది. "సాఫ్ట్‌వేర్", "కాటన్‌కు" లాంటి మాటల మధ్యలో అక్షరాలు కలిసి వత్తు కాకుండా ఆపే కంటికి కనిపించని గుర్తు ఒకటి టైపు చేస్తారు, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. ఒకచోట ఆ గుర్తుతోనూ మరోచోట అది లేకుండానూ టైపు చేసి ఉంటే, కంప్యూటర్ లెక్కలో అవి రెండు వేర్వేరు మాటలు. కొన్నిసార్లు కంటికి కూడా తేడా తెలియదు. సూచికలో ఒకే పేరు రెండు వరుసల్లో కనబడితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇన్‌డిజైన్‌లో వరుసగా

రచయిత చివరి ప్రూఫ్ దిద్ది ఇచ్చాకే మొదలుపెట్టండి. గుర్తులు మేటర్‌లోనే పాతుకుని ఉంటాయి కాబట్టి, పేజీలు కాస్త అటూ ఇటూ జరిగినా అవీ వెంట జరుగుతాయి. అయితే రచయిత ఒక పేరా మొత్తం తీసేసి కొత్తది రాసిస్తే, అందులో మీరు పెట్టిన గుర్తులు కూడా దానితోపాటే పోతాయి.

ఒకటి. విండో మెనూలో టైప్ అండ్ టేబుల్స్ కిందున్న ఇండెక్స్ ప్యానెల్ తెరవండి. అందులో రెండు చూపులున్నాయి: రిఫరెన్స్, టాపిక్. ముందు టాపిక్ చూపులో కూర్చుని, కాగితం మీద తేల్చుకున్న ఎంట్రీలన్నీ టైపు చేసేయండి. నాలుగు అంతస్తుల దాకా వేయనిస్తుంది గానీ రెండు దాటకండి. చదివేవాడికి అంతకంటే లోతు తలనొప్పి.

రెండు. టైప్ మెనూలో షో హిడెన్ క్యారెక్టర్స్ పెట్టుకోండి. పెట్టిన గుర్తులు కనిపిస్తూ ఉంటాయి.

మూడు. ప్యానెల్‌ను రిఫరెన్స్ చూపుకు మార్చండి. మేటర్‌లో సరైన చోట కర్సర్ ఉంచి కంట్రోల్+7 నొక్కండి. మాటను సెలెక్ట్ చేసి నొక్కితే ఆ రూపమే ఎంట్రీ పెట్టెలోకి వెళ్లి, "ధవళేశ్వరానికి" అనే కొత్త ఎంట్రీ పుడుతుంది. అందుకని సెలెక్ట్ చేయకుండా, పెట్టె కింది భాగంలో కనిపించే మీ టాపిక్ జాబితాలోంచి కావలసినదాన్ని డబుల్ క్లిక్ చేసి ఎక్కించండి. టాపిక్‌లు ముందే టైపు చేసుకోమన్నది ఇందుకే.

నాలుగు. విషయం ఒక్క పేజీలో తీరిపోతే "కరెంట్ పేజ్" చాలు. నాలుగైదు పేజీలు సాగితే విస్తృతి చెప్పాలి. "ఇన్ని పేజీలు" అనడం కంటే "ఇన్ని పేరాలు" అనడం మేలు. అక్షరం సైజు మారి పేజీలు తగ్గినా పెరిగినా పేరాల లెక్క చెక్కుచెదరదు.

ఐదు. ఒక ఎంట్రీ నుంచి మరోదానికి దారి చూపే క్రాస్ రిఫరెన్సులు కూడా ఈ పెట్టెలోనే. సాఫ్ట్‌వేర్ "సీ" అనే మాటను వెళ్లాల్సిన ఎంట్రీకి ముందు పెడుతుంది. మనం "చూడండి"ని వెనక పెట్టే అలవాటువాళ్లం. కస్టమ్ క్రాస్ రిఫరెన్స్ ఎంచుకుని "చూ." అని టైపు చేస్తే గొడవ తీరుతుంది. "బెజవాడ చూ. విజయవాడ" అన్నది మన నిఘంటువులు అలవాటు చేసిన పద్ధతే. పేజీలు కూడా ఉండి, ఇంకో చోటికీ పంపాలంటే "ఇంకా చూ." అనండి.

ఆరు. జెనరేట్ ఇండెక్స్ నొక్కకముందే సూచికకు కావలసిన పేరా స్టైళ్లు తయారుచేసుకుని, ఆ పెట్టెలో వాటినే ఎంచుకోండి. లేకపోతే సాఫ్ట్‌వేర్ తన సొంత స్టైళ్లు పుట్టిస్తుంది. వాటిలో తెలుగు ఫాంటు ఉండదు కాబట్టి అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. ఫాంటు మార్చినా, ఆ స్టైల్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టకపోతే వత్తులూ గుణింతాలూ విడిపోతాయి.

ఏడు. తయారైన సూచికలో తప్పు కనిపిస్తే అక్కడికక్కడే దిద్దకండి. ప్యానెల్‌లో దిద్ది మళ్లీ జెనరేట్ చేయండి. పైపైన దిద్దిన దిద్దుబాట్లన్నీ తర్వాతి జెనరేట్‌తో తుడిచిపెట్టుకుపోతాయి.

పుస్తకం అధ్యాయానికో ఫైలుగా ఉంటే, అన్నింటినీ బుక్ ఫైలులో చేర్చి, జెనరేట్ చేసేటప్పుడు బుక్‌లోని ఫైళ్లన్నీ కలిసేలా టిక్కు పెట్టండి. ఒక ఫైలులో టైపు చేసిన టాపిక్‌లను మరో ఫైలులోకి ఇంపోర్ట్ చేసుకోవచ్చు. ప్రతి అధ్యాయంలో ఒకే పేరును ఒకే రకంగా రాయడానికి ఇదే మంచి ఉపాయం.

అకారాది వరుస ఎవరు పెట్టాలి

ఇన్‌డిజైన్ సార్ట్ ఆప్షన్స్‌లో రోమన్, గ్రీకు, సిరిలిక్, జపనీస్, కొరియన్ లాంటివి ఉంటాయి. తెలుగు వరుస కోసం దాని మీద ఆధారపడకండి. ప్రతి ఎంట్రీ పక్కనా "సార్ట్ బై" అనే గడి ఉంది, అదే మన ఆయుధం.

పద్ధతి ఇది. ఎంట్రీలన్నీ లిబ్రే ఆఫీస్ కాల్క్ లాంటి షీటులోకి తీసుకెళ్లి, సార్ట్ భాషగా తెలుగు పెట్టి వరుస చేయండి. కళ్లతో ఒకసారి సరిచూసి, పై నుంచి కిందికి 0010, 0020, 0030 అని నంబర్లివ్వండి. ఆ నంబరును ఇన్‌డిజైన్‌లో ఒక్కో ఎంట్రీ సార్ట్ బై గడిలో వేయండి. పదుల తేడా ఎందుకంటే, రేపు మధ్యలో ఒకటి చేర్చాల్సి వస్తే 0015 ఖాళీగా ఉంటుంది. వరుస నంబర్ల మీద నడుస్తోంది కాబట్టి "అ", "ఆ" లాంటి అక్షర శీర్షికలను సాఫ్ట్‌వేర్ వేయలేదు. జెనరేట్ పెట్టెలో వాటికున్న టిక్కు తీసేసి, అచ్చుకు పంపే ముందు చిట్టచివరగా మీరే వేయండి. తయారైన సూచిక మీద చేత్తో చేయాల్సిన పని ఇదొక్కటే.

సరిచూసేటప్పుడు దేనికి కట్టుబడాలో ముందే తేల్చుకోండి. యూనికోడ్ సంకేతాల వరుసలో "ఱ" వెంటనే "ర" తర్వాత, "ళ" వెంటనే "ల" తర్వాత వస్తాయి. మనం పలక మీద నేర్చుకున్న వరుసలో అవి "హ" తర్వాత. యూనికోడ్‌కు "క్ష" విడి అక్షరం కాదు, "క" గుంపులోని సంయుక్తాక్షరం. సున్న ఉన్న మాటలు యూనికోడ్ వరుసలో ముందుంటాయి, అంటే "కంకర" తర్వాతే "కడప". గుణింతమంతా అయ్యాక వత్తులు రావడం మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఒకటే: "కౌలు" తర్వాత "క్రయం". ఏ పద్ధతైనా తప్పులేదు, పుస్తకమంతా ఒకటే ఉండాలి.

పేజ్‌మేకర్, రైటర్, వర్డ్ వాడేవాళ్లకు

పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. మన ప్రెస్సుల్లో అను ఫాంట్లతో కలిసి అది ఇంకా నడుస్తూనే ఉంది. అందులోనూ యుటిలిటీస్ మెనూలో ఇండెక్స్ ఎంట్రీ, క్రియేట్ ఇండెక్స్ ఉన్నాయి. గుర్తులు స్టోరీ ఎడిటర్‌లో కనిపిస్తాయి. చిక్కేమిటంటే, అను అక్షరాలు మన కంటికే తెలుగు, కంప్యూటర్‌కు అవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. దాని అకారాది మనకు అడ్డదిడ్డంగా ఉంటుంది. అక్కడ కూడా టాపిక్ పక్కన సార్ట్ గడి ఉంది కాబట్టి, ఎంట్రీల జాబితాను యూనికోడ్‌లోకి మార్చి, వరుసచేసి, పైన చెప్పిన నంబర్లే వేయవచ్చు.

లిబ్రే ఆఫీస్ రైటర్‌లో పుస్తకం చేసేవాళ్లకు ఒక వరం ఉంది, కంకార్డెన్స్ ఫైలు. అందులో ఒక గడిలో వెతకాల్సిన మాట, పక్క గడిలో సూచికలో కనిపించాల్సిన మాట ఇస్తారు. మొదటి దాంట్లో "ధవళేశ్వర", రెండో దాంట్లో "ధవళేశ్వరం" పెట్టి, పూర్తి మాటలే కావాలన్న టిక్కు తీసేస్తే విభక్తులన్నీ వలలో పడతాయి. సార్ట్ భాషగా తెలుగు ఎంచుకోవచ్చు కూడా. అయితే "రాము" అని ఇస్తే "రాముడు" కూడా వచ్చిపడతాడు. వచ్చిన జాబితాను కోత పెట్టాల్సింది మళ్లీ మీరే. వర్డ్‌లో ఆల్ట్+షిఫ్ట్+ఎక్స్ నొక్కితే ఎంట్రీ పెట్టె తెరుచుకుంటుంది. చిన్న పుస్తకానికి అది చాలు.

పేజీకి ఎంత, ఫారానికి ఎంత

సూచిక అందంగా ఉంటే చాలదు, ఫారంలో ఇమడాలి. డెమ్మీ ఎనిమిదో వంతు సైజులో ఫారానికి 16 పేజీలు. మన ఉదాహరణలో మేటర్ 220, ముందు పేజీలు 8, మొత్తం 228. పదిహేను ఫారాలంటే 240. సూచికకు 12 పేజీలు మిగిలాయి. సాధారణ పుస్తకానికి నూటికి మూడు నుంచి ఐదు పేజీల సూచిక సరిపోతుందంటారు కాబట్టి ఇది హాయిగా పట్టే చోటు. తొమ్మిది పాయింట్ల అక్షరంతో, వత్తులు కిందివరుసకు తగలకుండా ఎడం ఇచ్చి, రెండు కాలమ్‌లు పెడితే, కాలమ్‌కు 40 వరుసలు పట్టాయనుకోండి. పేజీకి 80, పన్నెండు పేజీలకు 960 వరుసలు. ఎంట్రీలు ఏరే ముందే ఈ లెక్క వేసుకుంటే, చివర్లో ఒక పేజీ ఎక్కువై ఇంకో ఫారం ఎక్కించాల్సిన అవస్థ తప్పుతుంది.

కనిపించే తీరు ఇలా ఉండాలి. పేజీ నంబర్లు ఊరికే నమూనా కోసం:

కాటన్, ఆర్థర్
— ఆనకట్ట ప్రతిపాదన 41–46
— పడవల రవాణాపై వాదన 112–115
డొక్కల కరువు 22–30
ధవళేశ్వరం ఆనకట్ట
— నిర్మాణం (1847–1852) 52–78
— రాళ్ల తరలింపు 60–62
నందన కరువు చూ. డొక్కల కరువు
రాజమండ్రి చూ. రాజమహేంద్రవరం
వీణం వీరన్న 66–71

కాటన్ పేరు పుస్తకంలో సగం పేజీల్లో ఉంటుంది. దాని పక్కన 5, 9, 14, 18, 22 అని ఇరవై నంబర్లు గుప్పిస్తే వెతికేవాడికి ఒరిగేదేమీ లేదు. ఒక ఎంట్రీ పక్కన ఆరేడు నంబర్లు దాటాయంటే దాన్ని ఉపశీర్షికలుగా విడగొట్టాల్సిందే. ఉపశీర్షికకు ఒకే ఒక్క పేజీ ఉండి, అసలు శీర్షికకూ అదే పేజీ అయితే, ఆ ఉపశీర్షికను తీసేయండి.

అచ్చుకు పంపే ముందు

ఈ జాబితాను గోడకు అంటించుకోండి.

— ప్రతి "చూ." వెళ్లిన చోట నిజంగా పేజీలున్నాయా? బెజవాడ నుంచి విజయవాడకు పంపి, విజయవాడ నుంచి మళ్లీ బెజవాడకు పంపడం లేదు కదా?
— అక్కడొకటి ఇక్కడొకటిగా పాతిక ఎంట్రీలు ఎంచి, ఆ పేజీలు తిప్పి చూశారా? అందులో రెండు తప్పయితే అన్నీ చూడాల్సిందే.
— ఇప్పుడు ఎదురు దిశలో: పుస్తకంలో ఎక్కడో ఒక పేజీ తెరిచి, అందులోని ముఖ్య విషయం సూచికలో ఉందా?
— ఒకే పేరు రెండు వరుసల్లో, రెండు వర్ణక్రమాల్లో వచ్చిందా? ఆనకట్ట, ఆనికట్టు, కాలవ, కాలువ?
— ముందు పేజీలకు వేరే అంకెల వరుస ఉంటే, సూచికలో ఆ నంబర్లు సరిగ్గా వచ్చాయా?
— వాడని టాపిక్‌లను తీసేశారా? చివరిసారి జెనరేట్ చేశాక మేటర్‌లో ఎక్కడైనా చేయి పెట్టారా? పెడితే మళ్లీ జెనరేట్ చేయండి.

బేరం, గౌరవం

సూచికను పేజీ సెట్టింగ్ ధరలో కలిపేయకండి. రెండూ వేర్వేరు పనులు. ఒకదానికి చేయి వేగం కావాలి, ఇంకోదానికి పుస్తకం మొత్తం చదివే ఓపిక కావాలి. పని ఒప్పుకునేటప్పుడే మూడు సంగతులు కాగితం మీద పెట్టండి. చివరి ప్రూఫ్ తర్వాతే మొదలుపెడతాననీ, ఆ తర్వాత మేటర్ మారిస్తే విడిగా లెక్క కట్టాల్సి ఉంటుందనీ, ఎంట్రీల జాబితాను రచయిత ఒకసారి చూసి ఒప్పుకోవాలనీ. చివరిది తప్పించుకోకండి. తన పుస్తకంలో ఏది ముఖ్యమో రచయితకు తెలుసు, పాఠకుడు ఎలా వెతుకుతాడో మీకు తెలుసు. రెండూ ఒక గంటసేపు బల్ల మీద కలవాలి.

ఇది నేర్చుకోవడానికి పెద్ద పుస్తకం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీరు ఇదివరకే పేజీలు పెట్టిన పుస్తకాల్లోంచి ముప్పై పేజీల అధ్యాయం ఒకటి తీసుకోండి. కంప్యూటర్ ముట్టుకోకుండా, కాగితం మీద నలభై ఎంట్రీలు రాయండి. ఆ పుస్తకం చదవని స్నేహితుడికి పది ప్రశ్నలిచ్చి, మీ సూచిక ఒక్కటే ఆధారంగా జవాబులు వెతకమనండి. పక్కన కూర్చోండి గానీ నోరు మెదపకండి. అతను మొదట ఏ అక్షరం దగ్గరికి వెళ్తున్నాడో రాసుకోండి. మీరు ఒక చోట పెట్టినదాన్ని అతను ఇంకో చోట వెతికిన ప్రతిసారీ, మీ సూచికలో చేరాల్సిన ఒక "చూ." దొరికినట్టే. అవి చేర్చాక, ఆ అధ్యాయాన్ని ఇన్‌డిజైన్‌లో తెరిచి కంట్రోల్+7 నొక్కడం మొదలుపెట్టండి.